రోగాన్ని పెంచిన మేడం

మా మేడం ఇక లేరు. ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగుతుండగా వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ పోయింది అన్నా" అంది. చేనుకు పోవలసినవాణ్ణి అక్కడి నుంచే వెనక్కి బస్సెక్కాను.

మక్కజొన్నలో కొత్త వంగడాలు తీయడం నాకు నేర్పింది ఆవిడే. మీలో మక్క వేసేవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. చిన్న దోమ ఆకు రసం పీలుస్తూ మొక్క నుంచి మొక్కకు వైరస్‌ను మోస్తుంది. ఆకుల మీద పసుపు చారలు లేస్తాయి, మొక్క గిడసబారుతుంది, కంకిలో గింజ పట్టదు. తగిలాక మందు లేదు. ఆ రోగాన్ని తట్టుకునే మొక్క కోసమే మేడం తన ఉద్యోగ జీవితమంతా వెతికారు.

వెతికే పద్ధతే విచిత్రం. చేను చుట్టూ ముందుగా రోగానికి లొంగే పాత రకం వేయించేవారు. దాని మీద దోమ బాగా పెరిగాక లోపల పరీక్ష వరుసలు పెట్టించేవారు. మందు ఊసే ఎత్తనిచ్చేవారు కాదు. మంచాల ఊరికి బస్సులో పోయేవాళ్లు మా చేను చూసి, గింత సదువుకొని గిదేం ఎవుసమని నవ్వుకునేవారు. మేడం కూడా నవ్వేవారు. "రోగం రాని చేన్ల అన్నీ మొనగాళ్లే" అనేవారు. కొప్పులో పెన్ను దోపుకుని, జొన్నరొట్టె ముక్క నములుతూ, ఆకు తిప్పి అడుగున దోమ కనబడితే ఇంటికి చుట్టం వచ్చినట్టు మురిసిపోయేవారు.

తర్వాత ఆవిడకు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ కోసం మేమంతా పట్నం దవాఖానలో ఉన్నప్పుడు, పక్క చేను రైతు మా వరుసల మీద దోమ కమ్ముకోవడం చూశాడు. మేడం తమ్మీ అని పిలిచే మనిషి. పాణం బాగలేని మనిషి పంట పాడైపోతుందని ఆగలేక, తన పంపుతో తన మందే తెచ్చి చేనంతా కొట్టేశాడు. మేడం తిరిగి వచ్చేసరికి అన్ని వరుసలూ ఒకేలా పచ్చగా ఉన్నాయి. ఆయన మెప్పు కోసం నవ్వుతూ నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. మేడం గట్టు మీద కూర్చుని, ఒక ఆకు తిప్పి చూసి అన్నారు.

"మంచికే కొట్టినవ్ తమ్మీ. గని రోగానికి నిలవడేది ఏదో ఇగ నాకెట్ల ఎర్కైతది? మల్ల పంటకు నేనుంటనో లేనో."

ఆయన ముఖం వాడిపోయింది. ఆ రోజు మేడం ఆయనింట్లో చాయ తాగాకే బండెక్కారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనకూడదని నాకు గట్టిగా చెప్పారు.

ఈ వానాకాలం ఆవిడ చేను దాకా రాలేకపోయారు. లొంగే రకాన్ని ఆ రైతే దగ్గరుండి వేయించాడు. గాలికి మందు ఇటు కొట్టుకొస్తుందేమోనని తన చేనుకూ కొట్టడం మానేశాడు. మేడం మంచం మీంచే ఫోన్ చేసి, పసుపెక్కిందా అని అడిగేవారు. ఎక్కిందంటే సంతోషించేవారు. కంకులు పీచు తీయకముందే వెళ్లిపోయారు.

అంత్యక్రియలైన మర్నాడే చేనుకు వెళ్లాం. పీచు బయటికి రాకముందే కంకికి కాగితపు సంచి తొడగాలి, లేకపోతే పక్క మొక్కల పుప్పొడి పడి విత్తనం కల్తీ అవుతుంది. ఎవరి చావుకూ అది ఆగదు. చేనంతా పసుపు చారలతో గిడసబారి ఉంది. మధ్యలో ఒక్క వరుస మాత్రం పచ్చగా ఎదిగింది. రైతు నా వెనకే వచ్చాడు.

"మేడం ఎతికింది గిదేనా సారు?"

ఇంకో పంట చూస్తేగాని తేలదు. అయినా అవునన్నాను.

"అప్పుడు సుత గీ రకం ఉండెనా?"

ఆ పంటలోనూ ఉందన్నాను.

"నేను మందు కొట్టకుంటే, మేడం దీన్ని సూసుకొని పోతుండె."

ఒక లేత కంకికి సంచి తొడిగి పట్టుకోమన్నాను. నేను పిన్ను కొట్టడం అయిపోయినా, ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.