మా బావ చెయ్యి అడ్డం పెడితే

హైదరాబాదులో ఏ మూలకు పోయినా ఒక బ్రాంచి కనిపించే ఆ భోజనం హోటల్ వాళ్లు మొన్న మార్కాపురంలోనూ ఒకటి తెరిచారు. అదే ఆకుపచ్చ బోర్డు, అవే స్టీలు కుర్చీలు, తలుపు తీయగానే మొహాన కొట్టే అదే ఏసీ చలి. నా ఎరువుల దుకాణం మధ్యాహ్నం మూసేసి, ఎండలో నడిచి వెళ్లి ఒక్కడినే కూర్చున్నాను. ఈ మధ్య ఇంటిదాకా పోయి తినడానికి కూడా ఓపిక ఉండటం లేదు. ముద్దపప్పు నోట్లో పెట్టుకోగానే మా బావ, అంటే మా అక్క మొగుడు, గుర్తొచ్చాడు. ఇదివరకు ఆ హోటళ్లలో నేను తిన్న ప్రతి భోజనమూ ఆయన పక్కన కూర్చుని తిన్నదే.

బావది గిద్దలూరు పక్క పల్లె. కంది, సజ్జ వేసుకునే మెట్ట రైతు. ఆయనకు మా అమ్మ వడ్డించే తీరు చూసి తీరాల్సిందే. మా వైపు అల్లుడనేవాడు అడిగి వడ్డించుకోకూడదు. అది ఆయనకు తక్కువ, మాకు ఇంకా తక్కువ. మారు అన్నం తెచ్చినప్పుడు ఆయన "చాలు చాలు" అంటూ రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాలి. వడ్డించేవాళ్లు ఆ చేతులు తీయించి మరీ వెయ్యాలి. బావవి పెద్ద చేతులు, విస్తరిలో సగం కప్పేసేవాడు. కాకపోతే వేళ్ల మధ్య సందు మాత్రం వదిలేవాడు. మా అమ్మ ఆ సందులోంచే నెయ్యి పోసేది. నాయన అరుగు మీద నుంచి "ఏంది ఆ గోల, ఆయన్ని తిననీరా?" అని కసిరేవాడు గానీ, ఆ గోల లేకపోతే తనే ముందు లోపలికొచ్చి చూసేవాడు. నన్ను మాత్రం ఎవరూ అట్లా బతిమాలిన పాపాన పోలేదు. ఇంటి కొడుకును కదా, వద్దంటే గిన్నె నన్ను దాటిపోయేది. ఆ ఒక్క విషయంలో బావంటే నాకు లోపల కుళ్లుగానే ఉండేది.

అట్లాంటి మనిషికి కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాదు డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, ఆపరేషన్ చెయ్యాలి గానీ ఇంత చిక్కిపోయిన మనిషికి చెయ్యలేను, ముందు బరువు పెరగాలి, ఇంకా తగ్గితే ఆపరేషన్ మాట మర్చిపోండి అన్నాడు. ఈలోగా ఎక్కించాల్సిన మందులున్నాయంటే ఆస్పత్రి దగ్గరే లాడ్జిలో గది తీసుకున్నాం. అక్క మోకాళ్లు మెట్లెక్కే స్థితిలో లేవు కాబట్టి తోడు నేనే. పొద్దున లేస్తే టోకెన్ల వరస, తర్వాత స్కానింగు వరస, ఆ తర్వాత ఎందుకు నిలబడ్డామో కూడా తెలియని ఇంకో వరస. ఇద్దరమూ బెంచీల మీద కూర్చుని కూర్చుని మాటలు కూడా మానేశాం. ఆ అలుపులో మాకున్న సుఖమల్లా ఆ హోటలే. ఆస్పత్రి ఎదురుగా ఒక బ్రాంచి, స్కానింగు సెంటరు పక్కన ఇంకొకటి. ఎక్కడ తిన్నా సాంబారు రుచి ఒక్కటే, గోంగూరలో ఉల్లిపాయ ముక్కలు ఒక్కటే. కొత్త ఊళ్లో తెలిసినవాళ్ల ఇంటికి పోయినట్టుండేది. బావకైతే ఆ కందిపొడి మీద మహా ప్రీతి.

అయినా మిషనెక్కిన ప్రతిసారీ ఆయన బరువు తగ్గుతూనే ఉంది. యూనిఫాం కుర్రాడు బకెట్టుతో వచ్చి "రైస్ సార్?" అనేవాడు. బావ చెయ్యి అడ్డం పెట్టేవాడు. కుర్రాడు "ఓకే సార్" అని పోయేవాడు. ఆకలి చచ్చిపోయిందనుకుని నేను డాక్టరుకు చెప్పాను. ఆయన ఆకలి పుట్టే మందు రాశాడు. అది తాగినా అంతే. ఇక అక్కకు ఫోనులో ఏం చెప్పాలో తెలియక, బావ బాగానే ఉన్నాడని చెప్పి పెట్టేసేవాణ్ణి. ఒకరోజు స్కానింగు సెంటరు పక్క బ్రాంచిలో, కుర్రాడు వెళ్లిపోయాక కూడా బావ చేతులు కంచం మీదే ఉన్నాయి. కళ్లు మాత్రం పక్క టేబులు దగ్గర ఆగిన బకెట్టు మీద ఉన్నాయి.

"ఏంది బావా, ఆకలిగా ఉందా?" అన్నాను.

"ఈడోళ్లు ఏంది రా, ఒక్క మాటకే నమ్మి పోతారు?" అన్నాడు విసుగ్గా.

"మరి అడగొచ్చు గదా!"

"అడిగి తింటానా? మీ అమ్మ చేతి అన్నం ఇన్నేళ్లు తిన్నాను, ఒక్కనాడన్నా అడిగినానా?"

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ప్రాణం మీదికొచ్చినా అల్లుడి మర్యాదలు కావాల్నా నీకు?" అంటూ లేచి వెళ్లి ఆ కుర్రాడి చేతిలోని బకెట్టు అందుకున్నాను. "సార్, మీరు కూర్చోండి, మేం వేస్తాం" అని వాడు కంగారుపడ్డాడు. "ఈయన మా ఇంటి అల్లుడు, నీ వల్ల కాదులే నాయనా" అన్నాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. తోసేసి వేశాను. మళ్లీ పెట్టాడు, మళ్లీ వేశాను. ఏసీ హోటల్లో జనమంతా తినడం ఆపి మమ్మల్నే చూశారు. బావ మాత్రం "పిచ్చినాయాలా, ఇంత ఎవుడు తింటాడు రా" అని తిడుతూ అంతా తిన్నాడు.

ఆ రోజు నుంచి ఆ రెండు బ్రాంచీల్లోనూ మేం కనబడితే కుర్రాళ్లే గరిటె నా చేతికిచ్చేవాళ్లు. నాకు మా అమ్మ పనితనం రాలేదు, నెయ్యి సగం ఆయన మణికట్టు మీదే పడేది. కానీ బరువు మిషను ముల్లు మెల్లగా పైకి తిరిగింది. ఆపరేషన్ జరిగింది. బావ మళ్లీ కొన్నేళ్లు కంది పండించాడు, పంటకొక మూట మా ఇంటికి పంపాడు.

తర్వాత ఆ జబ్బే తిరగబెట్టింది. మళ్లీ అదే బస్సు, అవే వరసలు, అదే బ్రాంచి. నేను గరిటె తీసుకున్నాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల మధ్య సందు లేదు. "ఈసారి నిజంగానే చాలు రా" అన్నాడు. గరిటె మళ్లీ బకెట్టులో పెట్టేసి, నా కంచంలో అన్నం కూడా వదిలేసి, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఆ ఏడు కందికోతలు ఆయన చూడలేదు.

మొన్న మార్కాపురం బ్రాంచిలోనూ ఒక కుర్రాడు బకెట్టుతో వచ్చి "రైస్ సార్?" అన్నాడు. ఎన్నడూ లేనిది, నా చెయ్యి కంచానికి అడ్డం వెళ్లింది. వాడు "ఓకే సార్" అని పక్క టేబులుకు వెళ్లిపోయాడు. నాకింకా ఆకలిగానే ఉంది. వయసు పైబడుతుంటే బలవంతపెట్టి తినిపించేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు, ఆ తర్వాత మనం చాలంటే అందరూ నమ్ముతారు.