మెమోలో మూడో పేరు

దయ్యాల మీద నమ్మకం లేకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, చదివి సంపాదించుకున్నది. కలకడ దగ్గర మా ఊళ్లో రాత్రిపూట చెరువు గట్టున మంట కనబడితే కొరివిదయ్యమని అందరూ తలుపులేసుకునేవారు. అది బురద నేలలో పుట్టే వాయువని మదనపల్లె గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చి చూపించి, మా అవ్వతో వాదించినదాన్ని నేను. అవ్వ ఒప్పుకోలేదనుకోండి. నేను బడిలో చదివింది ఇంటరు దాకానే. మిగిలిన చదువంతా గ్రంథాలయం కార్డు మీద చదివిందే. అందుకే ఇప్పుడు ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అంతకంటే ఎక్కువ సంతోషంగా ఉంది.

నేను మదనపల్లెలో ఒక పాల కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నాను. పుంగనూరులోనూ కుప్పంలోనూ కంపెనీకి పాలు చల్లబరిచే కేంద్రాలున్నాయి. మేనేజరు గారి ఆదేశాలను ఇంగ్లీషులో మెమోలుగా తయారుచేసి ఆ రెండు చోట్లకూ పంపడం నా పని.

ఒకప్పుడు మా మెమోలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండేవి. ఒకదాంట్లో తేదీ కుడివైపు, ఇంకోదాంట్లో ఎడమవైపు. ఒక రోజు గ్రంథాలయంలో, ఎవరూ తెరవని బీరువాలో, అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం దొరికింది. ట్రాఫ్ అనే పాత టైప్‌సెట్టింగ్ పద్ధతి గురించీ, అందులో మెమోల కోసమే సిద్ధం చేసిపెట్టిన మాక్రోల గురించీ రాసిన పుస్తకమది.

మాక్రో అంటే భయపడాల్సిందేమీ లేదు. లైను మొదట్లో ఒక చుక్క, దాని పక్కన రెండు అక్షరాలు. ఆ చుక్క లైను కాగితం మీద అచ్చు కాదు. కింద వచ్చే మాటలు ఎక్కడ, ఎలా అచ్చు కావాలో చెబుతుంది, అంతే. విషయానికొకటి, పేరాకొకటి, సంతకానికొకటి, నకళ్లు ఎవరికి వెళ్లాలో ఆ జాబితాకొకటి. ప్రోగ్రాం ఉచితంగానే దొరికింది. నాలుగు నెలలు కూర్చుని నేర్చుకున్నాను. మొదటి మెమో అచ్చయి వచ్చిన రోజు ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి మా ఆయనకు చూపించాను.

పక్క సీటు శివప్ప మాత్రం రోజూ, "ఏమ్మా, పొద్దున్నే చుక్కలు పెట్టి ముగ్గేస్తాండావా" అని ఆటపట్టించేవాడు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పొరపాటున లైను ముందు చుక్క పడితే ఆ లైను మొత్తం మాయమవుతుంది. అలా ఒకసారి నకళ్ల జాబితాలో కుప్పం పేరే ఎగిరిపోయి, వాళ్లకు మెమో అందలేదు. అప్పటినుంచి మేనేజరు గారు ఒక నియమం పెట్టారు. నకళ్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ రసీదు పుస్తకంలో సంతకం చేసి తీరాలి. ఒక్క సంతకం తక్కువైనా ఆ కేంద్రం ఇన్‌చార్జికే సంజాయిషీ మెమో వెళ్తుంది. అది తయారుచేసేది కూడా నేనే.

ఇక అసలు విషయం. పదేళ్ల సర్వీసుకు రుజువు చూపిన రోజుకూలీ వాళ్లను పర్మనెంటు చేస్తామని కంపెనీ ప్రకటించింది. గడువు శనివారం మధ్యాహ్నం దాకా. పుంగనూరు కేంద్రంలో పాల క్యాన్లు కడిగే రత్నమ్మ సోమవారం బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. ఆరేళ్ల కిందట మా కంపెనీ ఆ కేంద్రాన్ని కొనకముందు, పాత యజమాని కాలం నుంచీ ఆమె అక్కడే పనిచేస్తోంది. కానీ మా కంప్యూటరులో ఆమె హాజరు ఆరేళ్లదే ఉంది. అంతకుముందు పుస్తకాలేవీ మా చేతికి రాలేదు.

"పదహైదేండ్లు అయిపాయమ్మా. ఈ సేతులే సాచ్ఛం, సూడు" అని రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. చల్లటి నీళ్లలో నాని నాని గోళ్లు అరిగిపోయాయి.

చేతుల్ని ఫైలుకు జతచేయలేం కదా. అప్పట్లో హాజరు ఎవరు వేసేవారని అడిగాను. సూపర్‌వైజరు సారని చెప్పింది. పేరు తెలియదు, అందరూ సారనే పిలిచేవారట. ఆయన బెంగళూరు పోయాడని ఒకరు, చనిపోయాడని ఒకరు చెప్పారట.

మంగళవారం ఉదయం గడువు గుర్తుచేసే మెమో టైపు చేశాను. నకళ్లు రెండే: పుంగనూరు ఇన్‌చార్జికి, కుప్పం ఇన్‌చార్జికి. మూడు ప్రతులు అచ్చు తీశాను. మేనేజరు గారు ఎప్పటిలా విషయం అన్న లైను మాత్రం చదివి సంతకాలు చేశారు. ఒక ప్రతి ఫైల్లో పెట్టాను. రెండు పాల వ్యానులో వెళ్లాయి.

గురువారం ఉదయం కుప్పం ఇన్‌చార్జి మునిరాజప్ప ఫోన్ చేశాడు. గొంతులో విసుగు.

"ఈ రెడ్డెప్ప అనేటాయన ఎవురమ్మా? మీరు కాపీ ఆయనకని ఏసినారు. ఆయన సంతకం లేకుంటే మళ్లా నాకే మెమో పంపుతారు గదా. నిన్నట్నుంచి స్టేషను వెనక వీధులన్నీ తిరగతాండా."

అలాంటి పేరు నేను వేయలేదన్నాను. కాగితం ఫోటో తీసి పంపాడు. ఫైల్లో ఉన్న మా ప్రతి తీసి చూశాను. నకళ్ల జాబితాలో రెండు పేర్ల కింద మూడోది, అదే అక్షరాలతో, అదే వరుసలో, ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరగకుండా ఉంది: సి. రెడ్డెప్ప, రైల్వే స్టేషను వెనక వీధి, కుప్పం.

కంప్యూటరులో మెమో తెరిచాను. రెండే పేర్లు. మాక్రోల ఫైలంతా వెతికించాను, రెడ్డెప్ప అన్న మాటే లేదు. మెమోను చివరిసారి మార్చిన సమయం చూశాను, మంగళవారం అచ్చు తీయడానికి ముందే. మళ్లీ అచ్చు తీశాను. రెండే పేర్లు వచ్చాయి. పుంగనూరు వాళ్లను గోడకంటించిన ప్రతి చూడమన్నాను. అక్కడ మూడున్నాయి. రాసింది మాయం కావడం నాకు తెలుసు. రాయనిది అచ్చు కావడం ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

మధ్యాహ్నానికి మునిరాజప్ప మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు వేరు. రెడ్డెప్ప దొరికాడు. స్టేషను వెనకే కూతురింట్లో ఉంటున్నాడు. పాత యజమాని దగ్గర పుంగనూరు కేంద్రంలో సూపర్‌వైజరుగా చేశాడు. కేంద్రం చేతులు మారిన రోజు హాజరు పుస్తకాలు పాత కాగితాల వాడికి వేసేయమన్నారట. మనసొప్పక ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాడు.

శుక్రవారం పాల వ్యానులో, డ్రైవరు పక్కన కూర్చుని, ఇస్త్రీ చొక్కాతో ఆయన మదనపల్లెలో దిగాడు. ఒడిలో తొమ్మిది పుస్తకాలు. దారిలో పుంగనూరులో ఎక్కిన రత్నమ్మ వెనకాలే దిగింది.

"సచ్చిపాయినాడని మీ పేరున ఒక దినం ఒక్కపొద్దు కూడా ఉన్నా సారూ" అంటూ నవ్వుతూ ఏడుస్తోంది.

"ఇంకేమి, నాకు ఆయుస్సు మిగిలినట్టే గదమ్మా" అన్నాడు ఆయన.

పుస్తకాల్లో రోజూ ఆమె వేలిముద్ర ఉంది. మేనేజరు గారు పేజీలు తిప్పి, ఈయన్ని ఎవరు కనిపెట్టారని అడిగారు. మన మెమోనే సార్ అన్నాను. అబద్ధం కాదు కదా.

వెళ్లేముందు రెడ్డెప్ప, మునిరాజప్ప జిరాక్సు తీసిచ్చిన తన నకలును జేబులోంచి తీశాడు. "ఇన్నేండ్ల తర్వాత ఆపీసు నన్ను తలుసుకునిందని మా పాపకు సూపించినా. నా పేరు ఏసినోళ్లకు దండాలు చెప్పమ్మా" అన్నాడు. సరే చెబుతానన్నాను. ఎవరికి చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

మదనపల్లె పక్కనే అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయనకు అన్నీ చూపించాను. ప్రింటరు మెమరీలో పాతదేదో మిగిలి ఉంటుందన్నాడు. ఆ ప్రింటరు కొని ఏడాదే అయిందనీ, రెడ్డెప్ప మానేసి ఆరేళ్లు దాటిందనీ చెప్పాను. ఆయన ఇంకాసేపు చూసి, రత్నమ్మ పంపిన నిప్పట్లు రెండు తిని, కాగితం ఫోటో తీసుకుని వెళ్లాడు.

తర్వాతి నెలలో రత్నమ్మ పర్మనెంటు ఆర్డరు నేనే తయారుచేశాను. నకళ్ల జాబితాలో పుంగనూరు, కుప్పం, వాటి కింద రెడ్డెప్ప గారి పేరు, ఈసారి నా వేళ్లతోనే కొట్టాను. అచ్చు తీసి జాబితాను ఒకటికి మూడుసార్లు లెక్కపెట్టాను. మూడు పేర్లే ఉన్నాయి, కొత్తవాళ్లెవరూ లేరు. దాచడమెందుకు, కొంచెం నిరాశ కలిగింది.