పౌలు ఓడకు పోతయ్య సాక్ష్యం

సౌభాగ్యమ్మకు భయమంటూ ఉంటే ఒక్కటే, అన్నగారి వంటింట్లోకి తిరిగి వెళ్ళడం. ఇరవై ఆరేళ్ళకే భర్త పోయి, నాలుగేళ్ళు వదిన సణుగుడు విన్న మనిషి. 1926లో ఆమెను ఊరూరా తిరిగి బైబిలు కథలు చెప్పే బైబిలు స్త్రీగా దివిసీమకు పంపుతూ బందరు పాస్టరుగారు, "మూడు నెలలు చూస్తాం. జనం కూడకపోతే వెనక్కి రావాల్సిందేనమ్మా" అన్నారు.

రెండు నెలలైనా నాగాయలంక రేవులో ఆమె చుట్టూ చేరింది అయిదుగురే. అందులో ఇద్దరు నీడ కోసం వచ్చినవాళ్ళు. అయినా గొంతు తగ్గించే రకం కాదావిడ. ఒకరోజు, తొలినాళ్ళలో క్రీస్తు మాటను ఊరూరా మోసిన పౌలు కథ ఎత్తుకుంది. అతనెక్కిన ఓడ తుఫానులో చిక్కింది. చీకట్లో ఒడ్డు దగ్గరపడుతోందని నావికులు వెనకనుంచి నాలుగు లంగర్లు వేశారు.

"ఆపమ్మా!" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ముసలి పోతయ్య. "లంగరు ముందునుంచి వేస్తారుగానీ వెనకనుంచి వేస్తారా? ఇది నేలమీద కూర్చుని అల్లిన కథ!"

రేవంతా గొల్లుమంది. సౌభాగ్యమ్మ మొహం కందగడ్డయింది. అబద్ధమాడి తప్పించుకోవడం ఆమెకు చేతకాదు.

"నాకు తెలీదు బాబాయ్. పడవెక్కితే కళ్ళు మూసుకునేదాన్ని. పుస్తకంలో అలాగే ఉంది. ఎందుకలా వేశారో నువ్వే చెప్పు."

పోతయ్య వల పక్కన పెట్టాడు. "గాలి వెనకనుంచా?"

"అవును."

కాసేపు ఆలోచించి ఎగిరి లేచాడు. "అదీ సంగతి! ముందునుంచి వేస్తే ఓడ గిర్రున తిరుగుద్ది. వెనకేస్తే ముక్కు ఒడ్డువైపే ఉంటది. తెల్లారాక తాళ్ళు కోసి సూటిగా ఒడ్డుకెక్కించొచ్చు. ఇది రాసినోడెవడో ఆ ఓడలో ఉన్నోడే!"

గడువు చివరి వారం పాస్టరుగారు స్వయంగా చూడటానికి వచ్చారు. ఆమె ఇంకా అడుగుపెట్టని ఎదురుమొండికి ఇద్దరూ పడవలో వెళ్ళారు. రేవులో నలభైమంది కూర్చుని ఉన్నారు. సౌభాగ్యమ్మ పౌలు పేరెత్తింది.

"ఓడ సంగతి మాకు తెలుసులే వదినా," అంది ముందు వరసలోని ఆడమనిషి. "పోతయ్య మావ వచ్చి చెప్పెళ్ళాడు. ఒడ్డు చేరాక ఏమయ్యాడో అది చెప్పు."

తన కాలు పడని ఊరికి తను చెప్పిన కథ ముందే చేరింది. సౌభాగ్యమ్మ నవ్వుతూ పాస్టరుగారి వైపు తిరిగింది.

"చెప్పమ్మా, ఇంతమంది అడుగుతుంటే నిలబడిపోయావేం?" అంటూ పాస్టరుగారు వాళ్ళ మధ్యే చతికిలబడ్డారు. "ఇక్కడ నీకు చాలా ఏళ్ళ పని ఉంది."