జిప్సం పడని చేను

నా చిన్నప్పుడు బాపట్ల దగ్గర ఇసుక నేలలో మా నాన్న ఒక చిన్న పొలం చెక్క కౌలుకు తీసుకుని వేరుశనగ వేశాడు. ఆ పంట చేతికి రాకపోతే చేను వదిలేసి కూలికి పోవడమే. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. నాన్న దొరువు గుంటలోంచి కుండలతో నీళ్లు మోసి పోస్తూనే ఉన్నాడు, మొక్కలు వాడిపోతూనే ఉన్నాయి.

పక్కింటి అక్క వ్యవసాయం చదువుతోంది. పూత మీదున్న చేను చూసి నాన్నతో అంది: "నీళ్లొక్కటే చాలవు మావయ్యా. ఎండ దెబ్బ తగిలిందని మొక్క లోపల కబురు మోసేది కాల్షియం. అదుంటేనే తట్టుకుంటది. కాయలో గింజ పట్టాలన్నా అదే కావాలి. మన ఇసకలో అదెక్కడుంది? పూత నుంచి ఊడలు నేలలోకి దిగకముందే మొదళ్లలో జిప్సం చల్లండి."

నాన్న ఒకరి మాట ఓ పట్టాన వినే మనిషి కాదు. అలాంటివాడు బస్తా తెచ్చి, చల్లే పని నాకు అప్పగించి, అమ్మను ఆసుపత్రిలో చూపించడానికి తెనాలి వెళ్లాడు. నాకు పదేళ్లు. ఒళ్లు వంగని పిల్లని. రెండు సాళ్లు చల్లేసరికి ఇసుకకు అరికాళ్లు బొబ్బలెక్కాయి. మిగిలిన బస్తా పక్కనున్న పాడు దొరువులోకి ఒంపేసి, అంతా చల్లానని చెప్పాను.

పంట పీకిన రోజు కాయలు నొక్కితే అన్నీ లొట్టలే. మొదటి రెండు సాళ్లలో మాత్రం గింజ గట్టిగా ఉంది. నాన్న ఆ తేడా పట్టించుకునే స్థితిలో లేడు. అక్క పట్టించుకుంది. నడుచుకుంటూ వెళ్లి పాడు దొరువులోకి తొంగిచూసి వచ్చింది.

"చదువుకున్నదానివని నీ మాట విన్నాను చూడు, నాకు బుద్ధి లేదు" అన్నాడు నాన్న అందరి ముందూ.

అక్క నా వంక ఒక్కసారి చూసింది. "నాదే తప్పు మావయ్యా. మోతాదు సరిగ్గా చెప్పలేకపోయాను" అంది.

మేము చేను వదిలేసి రేపల్లె వైపు వరి కోతలకు కూలికి వెళ్లిపోయాం. ఆ వాడలో మళ్లీ ఎవరూ జిప్సం జోలికి పోలేదు, ఎండలు ముదిరిన ప్రతి ఏడూ లొట్టలే తీశారట. అక్క ఎవరికీ ఏమీ చెప్పడం మానేసిందట. నన్ను కాపాడబోయి తన మాటకు విలువ లేకుండా చేసుకుంది.

ఇది వింటే ఎవరైనా అది దయేనంటారు. ఆ దయ నన్ను బాగు చేయలేదు, నోరు మూయించింది. నాన్న ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని కూడా నిజం చెప్పలేకపోయాను. అక్క కూడా పోయింది. అక్క మాట నిజమని, నేనే చల్లలేదని ఇప్పుడు చెబుతున్నాను. వినాల్సిన ఇద్దరూ లేరు.