యూనిట్ లేని అంకె

సౌదీలోని ఖమీస్ ముషైత్‌ బళ్ళో ఫిజిక్స్ చెప్పే బషీరున్నీసా మేడమ్‌కి ఒక్కటే పిచ్చి. అంకె పక్కన యూనిట్ లేకపోతే ఊరుకోదు. డాక్టర్ "షుగర్ రెండొందలమ్మా" అంటే, గుండె గుభేలుమనాల్సింది పోయి, "రెండొందలు ఏంది డాక్టర్? యూనిట్ చెప్పండి" అందట. టమాటాలమ్మే యెమెనీ కూడా ఆవిడ కనబడగానే ముందు "కిలో" అని, ఆ తర్వాతే ధర చెబుతాడు.

ఆ పిచ్చి ఇప్పుడు పన్నెండో క్లాసు మెహక్ మీదికి మళ్ళింది. వాళ్ళ నాన్న సర్దార్, అభా ఘాట్ రోడ్డు మీద వ్యాన్ నడుపుతూ ప్రమాదంలో పోయాడు. ఆ రోజు నుంచి పిల్ల నోరు విప్పలేదు. బళ్ళో అందరూ "ఎట్లున్నావమ్మా?" అని అడిగేవారు. దానికేం చెప్పాలో మెహక్‌కి తెలిసేది కాదు. మేడమ్ మాత్రం రోజూ లేపి, "ప్లాంక్ స్థిరాంకం ఎంతమే?" అనేది. మెహక్ గుడ్లనీరు కుక్కుకుని నిలబడేది. ఓ నిమిషం చూసి, "సరే, రేపు చెప్పు" అనేది మేడమ్. ఈవిడకి అసలు మనసనేది ఉందా అని మెహక్ లోలోపలే కుమిలిపోయేది.

గురువారం వైవా. ఎగ్జామినరమ్మ ముందు కూడా ఇలాగే నిలబడితే ఫిజిక్స్ పోతుంది, దాంతో ఏడాదీ పోతుంది.

బుధవారం మేడమ్ బోర్డు మీద ప్లాంక్ స్థిరాంకం రాసింది: 6.626, ఇంటూ పది ఘాతం 34, జౌల్ సెకండ్. మైనస్ లేదు! అణువుల లోకంలో పనికొచ్చే అతి చిన్న అంకె కాస్తా కొండంతయి కూర్చుంది. పిల్లలు తలలు వంచుకుని అదే నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. మెహక్ మాత్రం పెన్ను పక్కన పెట్టేసింది. నాన్న పోయాడు, ఇల్లు మారింది, అమ్మ తీరు మారింది. ఇది కూడా మారిపోతే ఎలా?

"మైనస్, మేడమ్."

ఆ గొంతు విని క్లాసంతా వెనక్కి తిరిగింది.

"ఏందీ?"

"మైనస్ ముప్పైనాలుగు." అంతవరకే అంది. ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

మేడమ్ వచ్చి పక్కన కూర్చుంది. "కావాలనే తీసేసినాలే. తప్పు చూస్తే నువ్వు ఊరుకోలేవని తెలుసు. ఎట్లున్నావంటే రోజుకో జవాబు చెప్పాల. నేనడిగేదానికి మీ అబ్బా ఉన్నప్పుడూ ఇదే జవాబు, ఇప్పుడూ ఇదే. అందుకే అడగతాంటి." కొంగుతో మెహక్ ముఖం తుడిచి మెల్లగా అడిగింది. "ఎంత కాలమైంది తల్లీ, ఆయన పోయి?"

"ముప్పైతొమ్మిది."

మేడమ్ పెదవులు బిగబట్టింది. చాలాసేపే బిగబట్టింది, పాపం. ఇక ఆగలేకపోయింది.

"ముప్పైతొమ్మిది ఏందిమే?"

"రోజులు, మేడమ్" అంటూ ఏడుపులోనే పక్కున నవ్వింది మెహక్.

మర్నాడు వైవాలో ఎగ్జామినరమ్మ ప్లాంక్ స్థిరాంకమే అడిగింది. యూనిట్ అడగాల్సిన పని మాత్రం ఆవిడకి పడలేదు.