వఫ్రాలో పిట్టకు పెట్టిన రోజు

కువైట్ తోటల ఊరు వఫ్రాలో చిలకలు చూడడానికి ఎలా వెళ్లాలని చాలామంది అడుగుతుంటారు. నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది చిలకల కోసం కాదు. తొంభై ఒకటిలో ఇరాక్ సైన్యం కువైట్ విడిచిపోతూ తోటల్లో మందుపాతరలు వదిలింది. వాళ్లు వెళ్లిన మరునాడే, అక్కడ తోటపని చేసే నా తమ్ముడు ఓబులేసు ఒకదాని మీద కాలు పెట్టాడు. మాది కడప జిల్లా. మా వైపు మనిషి పోయిన మూడో రోజు అన్నం ముద్ద పెట్టి కాకి కోసం చూస్తారు. పిట్టకు పెట్టడం అంటాం. ముట్టకపోతే పోయినవాడికి కోరికేదో మిగిలిందని లెక్క. ఆ దేశంలో వాడికి నేనొక్కదాన్నే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

కబురు తెచ్చిన రాంబాబే మూడో రోజు పొద్దున ఆరింటికి నేనుండే ఫర్వానియాలో నన్ను ఎక్కించుకున్నాడు. తోటలకు నీళ్లు తోలే ట్యాంకర్ డ్రైవరు, కోనసీమ మనిషి. దినార్లు ఎవరూ తీసుకోని రోజులవి. కిలో పప్పు ఇవ్వబోతే, "దాచుకోండి అక్కగారూ, రేపు మీకే కావాలి" అన్నాడు. గంటన్నర దారికి నాలుగు గంటలు పట్టింది. ఇరాక్ సైన్యం అంటించిపోయిన నూనెబావులు మండుతున్నాయి. తొమ్మిదింటికి కూడా లైట్లు వేసుకునే నడిపాడు. అద్దం మీద నల్లటి జిడ్డు వాన. ఒళ్లో అన్నం డబ్బా పెట్టుకుని దేవుడి నామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

తోటలో పంపు చూసుకునే ముసలాయన సిద్ధయ్య దారి పక్కన మట్టికుప్ప చూపించాడు. "కట్టెలు యాడుండాయి తల్లీ. పూడ్చేసినా. అదో, ఆ ఎండిన ఖర్జూరపు మోడు కాడ పేలె."

"ఆ మోడు కాడికి ఎందుకు పోయినాడు?"

"చిలకలను చూసేదానికి. ఆడది తొర్రలో గుడ్ల మీద కూచోనుంది. ఇరాకోళ్లు పోయిరి, ఖలాస్ అనె. నేను వద్దంటి."

వాడి ఉత్తరాల నిండా ఆ చిలకలే. పంజరాల నుంచి తప్పించుకున్నవి తోటల్లో గుంపు కట్టాయట. ఎండిన ఖర్జూరపు మానులో తొర్ర చూసుకుంటాయట. ఆడది మూడు వారాలు గుడ్లు వదలదు. మగది మేత మింగి వచ్చి, కక్కి, దాని నోటికి అందిస్తుంది. "అక్కా, నీకు సంబంధం చూసేటప్పుడు ముక్కు ఎర్రగా ఉందో లేదో ముందు చూస్తా" అని రాశాడు.

నీళ్లతొట్టి గోడ మీద ముద్ద పెట్టాను. పన్నెండైంది. ఒంటిగంటయింది. ఒక్క కాకీ లేదు. అక్కడ కాకులున్నాయో లేవో కూడా కనుక్కోకుండా వచ్చానని అప్పుడు తట్టింది.

"చీకటి పడితే రోడ్డు మూసేస్తారండి" అన్నాడు రాంబాబు.

"వాని కోరికేందో తీరుస్తామని చెప్పు తల్లీ" అన్నాడు సిద్ధయ్య.

అమ్మను చూసుకుంటానన్నాను. చిన్నవాళ్లను చదివిస్తానన్నాను. ఏ పిట్టా రాలేదు. చివరికి, "నీ తొర్రను ఎవరూ ముట్టరు నాయనా" అన్నాను.

"నేనుండాను గదా" అన్నాడు సిద్ధయ్య, మట్టికుప్ప వైపు తిరిగి.

కాసేపటికి నల్లటి పిట్ట ఒకటి గోడ మీద వాలింది. కాకేననుకుని చేతులు జోడించాను. అది తల తిప్పింది. ముక్కు ఎర్రగా ఉంది. తల నుంచి తోక దాకా మసి. అన్నం తిని మోడు మీదికి ఎగిరింది. తొర్రలోంచి ఇంకో ముక్కు బయటికొచ్చింది.

"కాకి కాదు కదండీ" అన్నాడు రాంబాబు మెల్లగా.

"పిట్టకు పెట్టినాం. పిట్ట ముట్టె. పోండప్పా" అన్నాడు సిద్ధయ్య.

అది ఆకలికి వచ్చిందా, వాడు పంపితే వచ్చిందా అని నేను దేవుణ్ని ఎప్పుడూ అడగలేదు. వఫ్రా చిలకలు ఇప్పుడు పచ్చగా ఉంటాయి. నాకు మాత్రం ముందు ముక్కే కనిపిస్తుంది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట. తొర్ర ఎంత దగ్గరగా కనిపించినా, చక్రాల జాడ ఉన్న దారి దిగకండి.