ఫ్రెసియా చేతులు ఆగిపోయే వేళ

వల్పరైసో రేవు పట్నంలో మా కొండ మీది ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. బయట ముడతల రేకు, రెండిళ్లకూ మధ్య పల్చటి చెక్క గోడ. పక్కింటివాళ్లు తుమ్మితే మనం దీవించాల్సిందే. దోన్యా ఒతీలియా ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని నేను అక్కడే స్థిరపడిపోయాను.

ఆవిడ పెళ్లి గౌన్లు కుట్టేది. చూపు మందగించాక మిషను మూసేసింది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే, "ఊరందరి గౌన్లూ కుట్టేసరికి తెల్లగుడ్డంటేనే మొహం మొత్తింది" అనేది.

ఆవిడకు తనవాళ్లంటూ ఉన్నది చెల్లెలు ఫ్రెసియా ఒక్కతే. దేశం చిట్టచివర, పుంతా అరేనాస్‌లో ఉంటుంది. పసితనంలో జ్వరమొచ్చి చెవులు పోయాయి. అక్కచెల్లెళ్లు చిన్నప్పుడే తమకంటూ ఒక చేతుల భాష కల్పించుకున్నారు. రోజూ సాయంత్రం టీ వేళకి ఒతీలియా రొట్టె కాల్చుకుని, అవకాడో పండు మెదిపి రాసుకుని, వీడియో కాల్ పెట్టుకుని తెర ముందు కూర్చునేది. అక్కడ ఫ్రెసియా కూడా కప్పుతో సిద్ధంగా ఉండేది. ఇక చేతులు మొదలయ్యేవి. టీ చల్లారిపోయేది.

ఆ చలికాలం ఇంటర్నెట్ మొరాయించడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ ఉండగా ఫ్రెసియా చెయ్యి గాల్లోనే బిగుసుకుపోయేది. కాసేపటికి కదిలేది గానీ, అప్పటికి మాట జారిపోయేది. ఫోన్లో మాటైతే సగం తెగినా మిగతాది ఊహించుకోవచ్చు. సైగ సగంలో ఆగితే పిలుస్తోందో పొమ్మంటోందో కూడా తెలీదు.

కంపెనీ మనిషి వచ్చాడు. వచ్చింది పొద్దున. అప్పుడు అంతా భేషుగ్గా ఉంది. ఇంటర్నెట్ డబ్బా మార్చి వెళ్లాడు. సాయంత్రం మళ్లీ అదే వరస. ఒతీలియా డబ్బా మీద కప్పిన లేసుగుడ్డ తీసింది. పక్కనున్న మేరీమాత బొమ్మని జరిపింది. తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టింది. పిల్లిని కూడా అనుమానించింది.

ఇంతలో ఫ్రెసియాకి కోపం వచ్చింది. అక్కే విసుగొచ్చి కట్ చేసేస్తోందని ఆవిడ అనుమానం. "నీకు పనులుంటే చెప్పు, నేను అడ్డం రాను" అని రాసి పంపి, పిలిస్తే ఎత్తడం మానేసింది.

ఒతీలియా రొట్టె ముట్టలేదు. "చెవిటిదని లోకువ చేసి ఆడుకుంటున్నాననుకుంది. పుట్టి బుద్ధెరిగాక దాని మాటకి నేనెప్పుడైనా అడ్డొచ్చానా?" అంది నాతో. మనసు మళ్లుతుందని ఏదో వంటల వీడియో పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాను. కాసేపటికి అదీ ఆగిపోయింది. గోడ అవతల "టింగ్" మంది. వీడియో కదిలింది.

ఒతీలియా నా మోచెయ్యి పట్టుకుంది. "విన్నావా?"

"ఏమిటి?"

"ఆ గంట. అది మోగాకే తెర మీది బొమ్మ కదులుతుంది. రోజూ వింటూనే ఉన్నాను, నాకు తట్టలేదు."

గోడ అవతల ఉండేది దోన్ రెమీహియో, పడవలకు రంగులేసి రిటైరైనాయన. వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఈవిడ చెల్లెలి ఊరెళ్లినప్పుడు, తన ఇంటి రేకుల మీద వాలుతోందని ఆయన మా అంజూరపు చెట్టు కొమ్మని రంపంతో కోసేశాడు. అప్పట్నుంచీ మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ సముద్రాన్ని చూసేవాళ్లు.

ఒతీలియా శాలువా కప్పుకుని వెళ్లి తలుపు తట్టింది. వెనకాల నేను.

"ఏం పొరుగమ్మా, దారి తప్పారా?" అన్నాడాయన.

"లేదు. ఇప్పుడు మీరేం వేడి చేశారు?"

"పాలు. మా అమ్మాయి తన పాత మైక్రోవేవ్ ఇచ్చింది. ఏం, చల్లపాలే తాగాలా?"

"అది ఎక్కడ పెట్టారు?"

చూపించాడు. సరిగ్గా మా డబ్బా వెనక, గోడకి ఆనించి ఉంది. అది నడుస్తున్నంతసేపూ మా నెట్ సిగ్నల్ చెదిరిపోతోందన్నమాట.

"మీ పాలు మా చెల్లెలి నోరు నొక్కేస్తున్నాయి" అంది.

"ఆవిడకి మాటలు రావుగా?"

"మీకన్నా బాగా వచ్చు. అందుకే చేతులు కనబడాలి."

ఆయన నవ్వబోయి, ఒతీలియా మొహం చూసి మానుకున్నాడు. "సరే, పరీక్షిద్దాం. మీరింటికెళ్లి గోడ తట్టండి, నేనిక్కడ మీట నొక్కుతాను" అన్నాడు.

'ఒక్కసారి ఎత్తు, నీ కళ్లతో నువ్వే చూడు' అని ఒతీలియా చెల్లెలికి రాసింది. ఫ్రెసియా ఎత్తింది. మొహం గంటు పెట్టుకునే ఉంది. నేను గోడ మీద తట్టాను. అవతల మైక్రోవేవ్ హోరు మొదలైంది. తెర మీద ఆ గంటు మొహం అలాగే నిలిచిపోయింది. గంట మోగాక కదిలింది. ఒతీలియా జరిగిందంతా చేతులతో చెప్పింది. ఫ్రెసియా నమ్మలేదు. ఇంకోసారి అంది. ఆ తర్వాత మరోసారి.

"ఇంకెన్ని సార్లమ్మా, పాలు పొంగి పొర్లిపోయాయి" అంటూ రెమీహియో గుడ్డ పట్టుకునే మా ఇంట్లోకి వచ్చాడు. ఆయన్ని చూసి ఫ్రెసియా ఎడమ చేతి మీద కుడి చేతిని ముందుకీ వెనక్కీ లాగింది.

"నన్నేదో అంటోంది. ఏమిటది?"

"రంపం. మా ఇద్దరి మధ్య మీ పేరు అదే" అంది ఒతీలియా, దాచకుండా.

రెమీహియో చేతిలో గుడ్డని భుజాన వేసుకున్నాడు. తర్వాత తెర వైపు తిరిగి గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. ఏ భాషా అక్కర్లేదు దానికి. ఫ్రెసియా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అక్కకేసి రెండు చేతులూ చాచింది.

మర్నాడు ఆయన తన మైక్రోవేవ్‌ని అవతలి గోడకి మార్చుకున్నాడు. మేకులూ సుత్తీ తెచ్చి, తీగని గోడ వారగా లాగి, మా డబ్బాని వీధి కిటికీ పక్కకి చేర్చాడు. పనయ్యాక ఒతీలియా టీ ఇచ్చింది. కొమ్మ సంగతి అప్పుడే తేల్చుకున్నారు, కాస్త గట్టిగానే. వెళ్లేటప్పుడు ఆయన చేతిలో రొట్టె కూడా పెట్టింది.

ఉత్తరపు గాలికి వాన కొట్టే రోజుల్లో ఇప్పటికీ నెట్ పోతూనే ఉంటుంది. ఒతీలియా ఇప్పుడు కంగారుపడదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర ముందు నుంచి లేవకుండా కూర్చుంటుంది. బొమ్మ తిరిగొచ్చేసరికి ఫ్రెసియా కూడా అక్కడే, అలాగే కూర్చుని ఉంటుంది.